బుర్మాకాన్ గోడకు పెట్టిన కన్నం

నారిన్ కొండల్లో చలి ముందుగానే దిగుతుంది. అందుకే షార్షెన్ ఆ ఏడు ఒక గుర్రాన్ని అమ్మి ఇంటికి ప్లాస్టిక్ కిటికీలు పెట్టించాడు. పాత చెక్క కిటికీల సందుల్లోంచి గాలి ఈలలు వేసేది. ఇప్పుడు తలుపు మూస్తే చీమ దూరే సందు లేదు. "చలి మా ఇంట్లోకి రావాలంటే నన్నడగాలి," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

అతని భార్య బుర్మాకాన్‌కు మాత్రం పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉండేది. ఆవుల కొట్టంలోకి వెళ్ళగానే తగ్గిపోయేది. పేడకంపులో హాయేమిటి, వెచ్చటి ఇంట్లో తలనొప్పేమిటి అని తనలో తానే నవ్వుకునేది.

ఒక మధ్యాహ్నం ఆవులకు గడ్డి వేసి వచ్చేసరికి ఇంట్లో అలికిడి లేదు. వేడి పైకి పోకుండా షార్షెన్ బొగ్గుపొయ్యి పొగగొట్టంలోని అడ్డురేకును మూసేశాడు. ఉన్ని ఏకుతున్న అత్త కులీపా పక్కకు ఒరిగిపోయి ఉంది. మొగుడు బల్ల మీద తల వాల్చేశాడు. పిలిస్తే ఇద్దరూ పలకలేదు. బుర్మాకాన్ తలుపు బార్లా తెరిచి, ముందు ముసలామెను చంకల కింద పట్టి మంచులోకి లాగింది. తర్వాత మొగుణ్ణి. గడపకు తట్టుకున్న అతని బూట్లను తిడుతూనే ఈడ్చింది. చల్లగాలి తగిలాక ఇద్దరూ వాంతులు చేసుకుని కళ్ళు తెరిచారు.

ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి నర్సు విషయం విప్పి చెప్పింది. బొగ్గు సరిగా కాలకపోతే విషవాయువు పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పొగ పోవడానికి దారి ఉండాలి, గాలి రావడానికి మరో దారి ఉండాలి.

కులీపా నమ్మలేదు. "వాయువూ లేదు, పాడూ లేదు. ఆ కిటికీల మీద ఊరి కళ్ళు పడ్డాయి," అంటూ ఎండిన ఆర్చా చెట్టు కొమ్మ వెలిగించి, ఆ పొగతో ఇల్లంతా తిరిగి దిష్టి తీయబోయింది. బుర్మాకాన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దిష్టి తీసుకో అత్తా, కానీ వాకిట్లో. ఇంట్లోకి ఇంక ఏ పొగా రాదు."

"నువ్వెవత్తివే నాకు చెప్పడానికి?"

"నిన్ను మంచులోకి ఈడ్చినదాన్ని."

ముసలామె గొణుక్కుంటూ వాకిట్లోనే కానిచ్చింది.

ఆ రోజే బుర్మాకాన్ అడ్డురేకు ఊడబీకి చెత్తగోతిలో పారేసింది. గొట్టంలోంచి తట్టెడు మసి దించింది. తర్వాత గునపం తీసుకుని పొయ్యి వెనక గోడ ముందు కూర్చుంది.

"పిచ్చా నీకు? గుర్రాన్నమ్మి నేను చలిని బయటికి తోస్తే, నువ్వు పిలిచి కూర్చోబెడతావా?" అన్నాడు షార్షెన్.

"నువ్వు బతికుంటే ఇంకో గుర్రాన్ని పెంచుకోవచ్చు. జరుగు."

అది మూరెడు మందం మట్టిగోడ. అరచేతులు బొబ్బలెక్కాయి. గుడ్డ చుట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. చాలాసేపు చూసి చూసి షార్షెన్ విసుగ్గా లేచి బయటికి వెళ్ళాడు. కాసేపటికి గోడ అవతలినుంచి కూడా గునపం చప్పుడు వినిపించింది.

"ఇంటికి ముక్కు కుట్టించావటగా!" అని పక్కింటి జుమాగుల్ కంచె మీంచి వెక్కిరించింది.

"మీ ఇంటికీ కుట్టమంటావా? నీ ముక్కు ఎలాగూ మా ఇంట్లోనే ఉంటుందిగా!"

ఆ శీతాకాలం బొగ్గు ఎక్కువే ఖర్చయింది. ఇల్లు మునుపటంత వెచ్చగా లేదు. కులీపా తోలుకోటు విప్పకుండా పొయ్యి పక్కనే కూర్చుని కోడల్ని సాధించింది. బుర్మాకాన్ ఉన్ని దట్టించి మందపాటి బొంతలు కుట్టి ఆమె భుజాల మీద కప్పింది కానీ కన్నం మాత్రం మూయలేదు. తలనొప్పులు పోయాయి.

ఆ తర్వాత పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా ఆమె టీ ముట్టుకునే ముందు వాళ్ళ పొయ్యి దగ్గరికి వెళ్ళి అడ్డురేకు తెరిచి ఉందో లేదో చూసేది. మూసి ఉంటే అడక్కుండా తెరిచేది, గోడకో కన్నం పెట్టమని చెప్పేది. ఒక ఇంట్లో ఆమెను తిట్టి పంపేశారు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ ఇంటావిడ గునపం పట్టుకుని తలుపు తీసింది.

"రా, మాకూ పొద్దున లేస్తే తల దిమ్ముగానే ఉంటోంది. ఎక్కడ తవ్వాలో చూపించు," అంది.