కత్తిపీట మీద చెవి అచ్చు

సబ్బవరంలో మా ఏడో వినికిడి మిషన్ల షాపు తెరిచిన రోజు, చెవి అచ్చు తీసే గులాబీరంగు ముద్ద వాసన తగలగానే నాకు పాత కోపం బుస్సుమంది. ముప్పై ఏళ్లయినా అది చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

అప్పట్లో పూర్ణా మార్కెట్ సందులో మా ముందుగదే కంపెనీ. నాన్న కొనేవాళ్ల చెవికి అచ్చు తీసి, దాన్నిబట్టి మిషను చెవిలో కుదురుగా కూర్చునే మోల్డు పోసేవాడు. అమ్మ ఆ మోల్డుని ఆకురాయితో నున్నగా అరగదీసేది. అమ్మకి చెవుడు. నాన్న చేసిన మొదటి మిషను ఆవిడ చెవిలోనే, జుట్టు చాటున ఉండేది.

ఓరోజు ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు ఓనరొకడొచ్చి అచ్చు ఇచ్చాడు. అమ్మ చేతి టీ తాగుతూ, ఆవిడ ముందే, "ఈ సెవిటిదాంతో ఎలాగేగుతన్నావు బావా?" అని నాన్నతో ఇకిలించాడు. నాన్న తల దించుకున్నాడు. అమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికెళ్లిపోయింది.

అచ్చు పాడైతే ఆ మనిషి చెవీ పోతుందని నా చిన్నప్పటి నమ్మకం. వాడి అచ్చుని కత్తిపీట మీద బెండకాయలా తరిగేశాను. వాడింక ఈ జన్మలో వినలేడని మురిసిపోయాను.

నాన్న వాణ్ని బతిమాలి పిలిపించి మళ్లీ అచ్చు తీశాడు. అమ్మ వాడి మోల్డుని మూడ్రోజులు అరగదీసింది. వాడికెందుకంత శ్రద్ధని నేను ఏడ్చాను.

"ఆడికి బాగా ఇనపడాలే," అంది.

మిషను పెట్టిన రోజు నాన్న నోరు తెరిచేలోపే అమ్మ వాడి దగ్గరకొచ్చి నిలబడింది. వాడు ఆ మిషన్లో విన్న మొదటి మాట అమ్మదే.

"అన్నయ్యా, ఆ రోజు నువ్వన్నది నాను ఇన్నాను."