తివాచీలో తేలు

ఉద్యోగ విరమణకు ఇంకా నాలుగేళ్లుండగా, ఒక ఆగస్టులో నన్ను విజయనగరం మ్యూజియానికి బదిలీ చేశారు. అక్కడ నేను వస్త్ర విభాగం సహాయ క్యూరేటర్‌ని. జనం తమ ఇళ్లలోని పాత నేతలను తీసుకొస్తే పరీక్షించి గుర్తింపు పత్రం రాసివ్వడం నా పని. పత్రంలో ఐదు గడులు: పదార్థం, నేత పద్ధతి, కొలతలు, నమూనా, ప్రస్తుత స్థితి. ముడుల తివాచీ అయితే వెనక్కి తిప్పి, భూతద్దంతో అంగుళానికి ఎన్ని ముడులో లెక్కపెట్టాలి.

భోగాపురం దగ్గరి మత్స్యకార గ్రామం నుంచి గౌరి అనే ఆమె ఒక తివాచీ తెచ్చింది. భర్త పైడిరాజు సరుకు ఓడలో ఖలాసీ. టర్కీ రేవులో కొని, చుట్ట చుట్టి భుజాన వేసుకుని తెచ్చాడట. ఆ తర్వాతి ప్రయాణంలోనే గుండెపోటుతో పోయాడు. అతను ఇంటికి తెచ్చినవాటిలో మిగిలింది ఇదొక్కటే. కూతురు దానిమీదే కూర్చుని చదువుకుంటుందని గౌరి చెప్పింది.

టర్కీలోని అనటోలియా పల్లెల్లో ఆడవాళ్లు నేసే ఉన్ని తివాచీ అది. అక్కడ ప్రతి గుర్తుకూ ఒక అర్థం చెబుతారు. పొట్టేలు కొమ్ము మగతనానికి, నడుం మీద చేతులు పెట్టుకున్న బొమ్మ తల్లితనానికి. దీని మధ్యలో గీతలూ కోణాలుగా ఉన్నది తేలు; తెలిసినవాళ్లు చెబితే తప్ప పోల్చుకోలేరు. తేలు బొమ్మ నేస్తే అసలు తేలు ఇంట్లోకి రాదని వాళ్ల నమ్మకం. ఇదంతా తెలిసీ నమూనా గడిలో ‘తేలు’ అని మాత్రం రాసి సంతకం పెట్టాను. పాతికేళ్ల వయసు నుంచి తాయెత్తులకూ దిష్టిబొమ్మలకూ వ్యతిరేకంగా సభల్లో వాదించినవాణ్ణి. ముద్ర వేసిన కాగితం మీద మూఢనమ్మకానికి చోటివ్వలేదని ఆ పూట గర్వపడ్డాను కూడా.

పది రోజులకు గౌరి ఫోన్ చేసింది.

“మీ కాయితం మా అత్తకి సదివి ఇనిపించినాను సారూ. అదే నా తప్పు. తేలుని ఇంటికి తెచ్చుకున్నాడు, అందుకే పోనాడు అంటన్నాది. ఆదివారం సముద్రంలో కలిపేస్తాదంట.”

ఇచ్చిన పత్రానికి వివరణ చెప్పడానికి ఇంటికి వెళ్లడం నా విధుల్లో లేదు. శనివారం వెళ్లాను.

గౌరి అత్త అప్పలనరసమ్మ అరుగు మీద వల అల్లుతోంది. గుండెపోటుకూ బొమ్మకూ సంబంధం లేదని చెప్పాను. ఆమె వలలోంచి తలెత్తలేదు. అప్పుడు నేను రాయకుండా వదిలేసిన సగం చెప్పాను: అది కీడు గుర్తు కాదు, ఇంటికి కాపలా అని అక్కడివాళ్లు నమ్ముతారని.

“మరైతే మావోణ్ణి కాసినాదేటి?” అంది.

నేను ఎన్నో సభల్లో ఎదుటివాళ్లను అడిగిన ప్రశ్న అది. చేతి అలవాటు కొద్దీ, గౌరి తెచ్చి పరిచిన తివాచీని వెనక్కి తిప్పాను.

ఆమె వల పక్కన పెట్టింది. ముడుల వరసలను వేలితో తడుముతూ తేలు తోక దగ్గర ఆగింది.

“ఇక్కడ ఎర్ర ఉన్ని సాల్లేదు నేసినదానికి. మళ్లీ రంగు ముంచి తెచ్చినాది. సూడు, ఎరుపు తగ్గిపోనాది.” వేలు ఇంకొంచెం జరిగింది. “ఇక్కడ ముడి ఒదులు. సంటిపిల్లేదో ఏడిసుంటాది. లెగిసెల్లి, మళ్లీ వచ్చి కూకున్నాక సెయ్యి బిగిసినాది.”

ఆ రంగు తేడా నేనూ చూశాను. ‘ప్రస్తుత స్థితి’ గడిలో లోపం కింద రాశాను.

“అంచు మీద ఇదేటి, నడుం మీద సేతులెట్టుకుని తగువుకొచ్చినట్టున్నాది?”

తల్లి గుర్తు అని చెప్పాను.

“నీలాగే ఉన్నాదత్తా,” అంది గౌరి.

“నోర్ముయ్యే,” అంటూనే ముసలామె నవ్వింది. చాలాసేపు ఆ బొమ్మ మీంచి చెయ్యి తియ్యలేదు. “నేసిన మనిషి బతికున్నాదా బాబూ?”

తెలియదన్నాను. ఇలాంటి వాటి మీద ఎవరి పేరూ ఉండదు.

“దాని కట్టం నీటిలో కలపడమేటి. ఉంచుకోయే. ఇలా బోర్లాగే పరిసెయ్. తేలు మొకం నాను సూడను.”

వెనకవైపు కూడా తేలు కనబడుతూనే ఉంది. ముగ్గురమూ చూశాం. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

సోమవారం పత్రం సవరించి, పై అధికారి సంతకం తీసుకున్నాను. తేలు పక్కన ‘నేసేవారు రక్షణ గుర్తుగా నమ్ముతారు’ అని చేర్చాను. రంగు తేడాను లోపాల్లోంచి తీసి, ‘ఎర్ర ఉన్నికి రెండు విడతల్లో రంగు’ అని నేత పద్ధతిలో రాశాను.

తేలు బొమ్మ ఎవరినీ కాయదని ఇప్పటికీ అంటాను. అయితే ఒకరు అలా నమ్మి నేశారన్నది ఆ తివాచీకి సంబంధించిన నిజం. నాకు నచ్చలేదని దాన్ని కాగితం మీదికి రానివ్వకపోవడం ఉద్యోగంలో తప్పు, వాదనలో మోసం. సగమే రాసిన ఆ కాగితం వల్ల ఒక ఇంటి తివాచీ సముద్రం దాకా వెళ్లబోయింది. మిగిలిన నాలుగేళ్లూ ఏ నేత వచ్చినా ముందు వెనక్కి తిప్పి చేత్తో తడిమాను. భూతద్దం ఆ తర్వాతే తీశాను.