ఎవరండీ ఫోనులో

నా భార్యకి చెప్పాల్సిన ఒక మాట చెప్పలేదు. ఏళ్ల తరబడి దాన్ని లోపల మోస్తూ తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కైకలూరు దగ్గర మాకు రొయ్యల చెరువు ఉంది. గట్టు మీద రేకుల షెడ్డులోనే కాపురం. మార్తమ్మ ఉంగుటూరులో పుట్టింటికి వెళ్లినప్పుడు చర్చి ఆవరణలో ఆడవాళ్లకి క్యాన్సర్ పరీక్షలు చేస్తుంటే తనూ చేయించుకుంది. తనకి ఫోను లేక నా నంబరు ఇచ్చింది.

మంచు పట్టిన ఒక ఉదయం నర్సు ఫోను చేసింది.

“మీ ఆవిడ పరీక్షలో కొంచెం తేడా కనిపించిందండీ, గర్భసంచి ముఖద్వారం దగ్గర. క్యాన్సరని కాదు. ఇప్పుడే ఏలూరు తీసుకొస్తే చిన్న వైద్యంతో పోతుందండీ.”

తేడా. రొయ్య తేడాగా ఉందంటే మేం అన్నం ముందు నుంచి లేచిపోతాం. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే రోజూ పైకి లాగి, రొయ్యల్ని వెలుతురుకి పట్టి చూసేవాణ్ణి. అదే మాట నా భార్య గురించి వినేసరికి మాత్రం ఇంకో అర్థం తోచింది. మేత కొట్టు దగ్గర మగవాళ్లు నవ్వుకుంటూ “ఆవిడ కొంచెం తేడా” అంటారే, ఆ అర్థం. ఈ జబ్బు అలాంటివాళ్లకే వస్తుందని కూడా అక్కడే విన్నాను. ఎవరి దగ్గర తెచ్చుకుంది అనుకున్నాను. పెళ్లికి ముందు నేను ఎక్కడెక్కడికి వెళ్లానో గుర్తు రాలేదా? వచ్చింది. పక్కకి నెట్టేశాను.

షెడ్డు గుమ్మంలోంచి మార్తమ్మ అడిగింది.

“ఎవరండీ ఫోనులో?”

“రాంగ్ నంబరు.”

“రాంగ్ నంబరుతో ఇంతసేపు కబుర్లేంటండీ?”

నవ్వింది. మంచులో మొహం కనపడలేదు. గొంతు ఒక్కటే వచ్చింది.

ఆ నంబరు బ్లాక్ చేశాను. తర్వాత తను పరీక్ష సంగతి అడిగితే, ఏదైనా ఉంటే వాళ్లే చెబుతారులే అన్నాను.

కొన్నేళ్లకి రక్తస్రావం మొదలైంది. అప్పటికి ఆలస్యమైపోయింది. ఇది చాలామందికి సోకే వైరస్ వల్ల వస్తుందనీ, ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేమనీ, నడతకీ దీనికీ ముడిపెట్టకూడదనీ ఏలూరు డాక్టరమ్మ చెప్పింది. ముందు ఎవరూ రమ్మనలేదా అని అడిగింది. “లేదండీ,” అంది మార్తమ్మ. అని, నా వైపు చూసింది. తెలిసి చూసిందా? తెలియకా? ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తను పోయాక చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు వేసినప్పుడల్లా, ఆ చక్రాలు నీళ్లని కొట్టే చప్పుడులో ఒకటే మాట. ఎవరండీ, ఎవరండీ. పనివాళ్లకి వినపడదు. కరెంటు పోతే చప్పుడు ఆగుతుంది, మాట ఆగదు.

ఈ చలికాలం మళ్లీ ఫోను వచ్చింది, ఆసుపత్రి నుంచి. మా అమ్మాయి గ్రేసు వయసు పిల్లలకి ఈ జబ్బు రాకుండా టీకా వేస్తున్నారట. పెద్దయ్యాక పరీక్షలు కూడా మానకూడదట. మాట్లాడుతుంటే, అదే గుమ్మంలోంచి, అదే మంచులోంచి వినిపించింది.

“ఎవరు నాన్నా ఫోనులో?”

గొంతు గ్రేసుదే. అయినా మార్తమ్మే అనుకుని అటు తిరిగాను.

ఈసారి చెప్పాను. టీకా సంగతి, వాళ్లమ్మ సంగతి, రాంగ్ నంబరు సంగతి, అన్నీ. క్షమించమ్మా అన్నాను. నన్ను చూసింది. చూపు కూడా వాళ్లమ్మదే.

“నాకు చెప్తారేంటి నాన్నా? అడిగింది అమ్మ కదా.”

గ్రేసుకి టీకా వేయించి తీసుకొచ్చాను. మర్నాడు మంచు విడవకముందే గట్టు మీదకి వెళ్లాను. ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరండీ, ఎవరండీ.

“నర్సు, మార్తమ్మా. నీ పరీక్షలో తేడా వచ్చిందట. ఏలూరు రమ్మంది. నీకు చెప్పలేదు. తప్పు చేశాను.”