మంగయ్య తలెత్తి చూడని గోడ

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో హమాలీ మంగయ్యను ఎరగనివాడుంటే, వాడు జన్మలో బియ్యం తినలేదనే లెక్క. నడుము పట్టేశాక ఆయన బస్తాలు మోయడం మాని, ఇళ్లలో నిల్వ ధాన్యానికి పురుగు పట్టకుండా మందు గోళీలు పెట్టే పనికి దిగాడు. ఆ గోళీల నుంచి విషపు గాలి లేస్తుంది. అందుకని గదికి తాళం వేసి, తలుపు సందులకు గంజితో కాగితాలు అంటించేవాడు. "చీమ గూడ తొవ్వ దొర్కక వాపస్ పోవాలె" అనేవాడు. గొప్పలు చెప్పడంలో ఈ జిల్లాలో నాకు సాటి ఆయనొక్కడే. తొమ్మిదిలో బడి మానేసిన మేధావిని చెబుతున్నాను, నమ్మండి.

నిడమనూరులో శ్రీహరి ఇల్లు ఒక వింత. మూతపడ్డ మిల్లు కొని, లోపల గోడలు లేపి కాపురం పెట్టాడు. వంటింట్లోంచి వాకిట్లోకి రావాలంటే బస్సెక్కాల్సిందే. పోయిన శనివారం పొద్దున అతని తండ్రి గౌరయ్య గదిలోంచి బయటికి రాలేదు. కిటికీ లేని గది, లోపల గడియ. తలుపు పగలగొడితే మంచం మీద శవం. ఒంటిమీద గాటు లేదు. విషమన్నారు. పడుకోబోయే ముందు మజ్జిగ ఇచ్చింది కోడలు ఉమ. ఆ సాయంత్రమే మామతో గొడవ పడింది కూడా. పోలీసులు ఆమెను స్టేషన్‌కు తీసుకుపోయారు.

జమున టీ కొట్టు దగ్గర ఆ కేసును నేను తేల్చేస్తున్నాను.

"మజ్జిగ ఉత్తదే. ఉమ గోడెక్కి అవుతలికి దుంకింది, పని ఖతం చేసి మళ్ల ఎక్కింది."

"స్టూలెక్కితెనే కండ్లు తిరుగుతయి ఆ పిల్లకు," అంది జమున. "నిన్ను బళ్లెకెళ్లి ఎందుకు ఎల్లగొట్టిన్రో ఇప్పుడు సమజైంది."

అందరూ నవ్వారు. బెంచీ మీద మంగయ్య నవ్వలేదు.

"గోడెట్ల ఎక్కుతది? పైన సందుందా?"

"సందేంది మామా, గోడలన్ని సగందాకనే. పైన ఇల్లంత ఒక్కటే రేకుల కప్పు. నువ్వు పోలేదా ఎన్నడు?"

"శుక్రారం పోయిన," అన్నాడు మంగయ్య. "ముసలాయన పక్క అర్రల వడ్లకు గోళీలు పెట్టొచ్చిన."

నేను టీ గ్లాసు కింద పెట్టేసి లేచాను.

మంగయ్యను నా బండి మీద ఆ ఇంటికి తీసుకుపోయాను. ధాన్యం గది తలుపుకు ఆయన అంటించిన కాగితం చెక్కు చెదరలేదు. ఆయన దాన్ని చూడలేదు. తల ఎత్తి, గోడ ఆగిపోయిన చోటును చూశాడు. కొడుకూ కోడలూ పడుకునేది మిల్లు అవతలి కొసన. ఆ విషపు గాలి గోడ పైనుంచి, దగ్గరున్న ముసలాయన మీదికే దిగింది.

"గోదాముల గోడంటే కప్పు దాక ఉంటది బిడ్డా," అన్నాడు. "ఉన్నదనే అనుకున్న. ఉమ అడిగింది గూడ, పక్కనే మామ పంటడు, ఏం గాదా కాకా అని. నా పనికే వంక పెడ్తున్నవా అని కసిరిన."

"ఎవ్వలకు తెల్వది మామా. ఊకో."

"ఊకుంటె ఆ పిల్ల జైలుకు పోతది."

స్టేషన్లో ఎస్సై ముందు చేతులు కట్టుకుని అదంతా చెప్పాడు. కావాలనే చేశావా అని అడిగితే, "లేదు సార్. కానీ పానం పోయింది గద," అన్నాడు. ఎస్సై కానిస్టేబుల్‌ను ఆ ఇంటికి పంపాడు. గోడ సంగతి నిజమేనని ఫోనొచ్చాక ఉమను పంపించేశారు. మంగయ్యను ఉండమన్నారు.

బయట ఆటోలో శ్రీహరి పిలుస్తున్నాడు. ఉమ మంగయ్య ముందు ఆగింది. ఆయన తల వంచుకునే అన్నాడు:

"తప్పైంది బిడ్డా. ఇగ ఇంటికి పో."

"ఏ ఇంటికి కాకా? నేను సంపలేదని మూడు దినాలు మొత్తుకుంటె మా ఆయన మొకం తిప్పుకున్నడు. నువ్వు చెప్పినంక నమ్మిండు."

ఆమె ఆటో ఎక్కలేదు. పుట్టిల్లు పెన్‌పహాడ్‌కు బస్సెక్కడ దొరుకుతుందని నన్ను అడిగింది. మంగయ్య గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు.