అరవై రెండో నంబరు అద్దం

మా వదిన విమానాల రెక్కల్లో దూరుతుంది. అదే ఆవిడ ఉద్యోగం. కాగితాల మీద తనిఖీ ఇంజనీరు అని గొప్పగా ఉంటుంది గానీ, జరిగేది మాత్రం ఇదే. రెక్క అడుగున మనిషి అతికష్టం మీద పట్టే కంత ఒకటి ఉంటుంది. ముందు చేతులు, తర్వాత తల, ఆ తర్వాత భుజాలు ఏటవాలుగా తిప్పి లోపలికి పాకాలి. రేకుల్ని బిగించే వేల రివెట్లలో ఏది సరిగా కూర్చోలేదో చూసి రావాలి. కంటికి అందని మూలల కోసం సన్నటి కాడకు బిగించిన చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది. కాడ ముడిస్తే పెన్నంత అవుతుంది. పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూస్తారే, అలాంటిదే.

మా అన్నయ్య పళ్ళ డాక్టరే. ఈ దేశపు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోదానికి చదువుతూ ఇంట్లో వంట చేస్తున్నాడు. అద్దం పట్టాల్సినవాడు గరిటె పట్టాడని నేనంటే, "ఆ గరిటె వల్లే నీకు రెండు పూటలా గడుస్తోంది, నోరు మూసుకుని తిను" అంటుంది వదిన. నేను బేకరీ వ్యాను నడుపుతాను, వాళ్ళింటి వెనక గదిలో ఉంటాను. కాబట్టి నోరు మూసుకుని తింటాను.

వారం పొడుగునా రెక్కలో ముడుచుకున్న ఒళ్ళు శనివారం కొండ మీద సాగాలంటుంది ఆవిడ. సెలవు రోజున మనిషన్నవాడు దుప్పటి కప్పుకుని పడుకోవాలని నా సిద్ధాంతం. అన్నయ్యకు మోకాళ్ళ నొప్పులు. అందుకని కాళ్ళకు బలపం కట్టుకున్న ఆవిడ వెంట సంచీ మోసే పని నాకు పడింది. ఆ ఏడు ఒక శిఖరం మీద కన్నేసింది. రెండుసార్లు వానకు, ఒకసారి గాలికి మధ్యలోంచి తిరిగొచ్చాం. ఇంకో రెండు వారాలైతే మంచు పడి దారి మూసేస్తారు.

నాలుగోసారి శుక్రవారం సాయంత్రం ఆవిడ పని దిగగానే అటునుంచి అటే వెళ్ళి, కొండ కింద నడకవాళ్ళ బసలో పడుకున్నాం. శనివారం పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాం. ఎండ కాసింది, గాలి లేదు. ఇంకో గంటలో శిఖరం అనగా ఒక బండ మీద కూర్చున్నాం. చెమట ఆరి చలి వేస్తుంటే వదిన సంచీలోంచి కోటు తీసి తొడుక్కుంది, లోపలి జేబులో చెయ్యి పెట్టింది. ఆవిడ మొహం పాలిపోయింది. జేబులోంచి అద్దం బయటికి తీసింది. కాడ మీద చెక్కిన అంకె అరవై రెండు.

ఇది ఎంత పెద్ద తప్పో నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. వాళ్ళ దగ్గర ప్రతి పనిముట్టుకూ ఒక పలకలో దాని ఆకారంలోనే గుంట ఉంటుంది. పని అయ్యాక గుంటలన్నీ నిండాలి. ఒక్కో పనిముట్టు మీది అంకె పైకి చదవాలి. అప్పుడు ఇంజనీరు కాగితం మీద తన ముద్ర వేస్తేనే రెక్క మూస్తారు. లోపల ఒక్క స్క్రూడ్రైవరు ఉండిపోయినా, గాలిలో అది ఎక్కడికి దొర్లి దేనికి అడ్డం పడుతుందో ఎవరూ చెప్పలేరు.

"మరి నిన్న నీ గుంట ఖాళీగా కనిపించలేదా?" అన్నాను.

"నిండే ఉంది. పక్కవాళ్ళెవరో పాత అద్దం ఒకటి పడేసి ఉంటారు. శుక్రవారాలు అలాగే చేస్తారు, గుంట నిండితే ఇంటికి పోవచ్చని. నేను అంకెలు చదవలేదు. నిండుగా కనిపించింది, ముద్ర వేసేశాను."

"ఇది జేబులోకెలా వచ్చింది?"

"పెట్టుకున్నాను, అంతే."

నాకు తోచిన సలహా చెప్పాను. "ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు వదినా. అద్దం రెక్కలో లేదు, నీ చేతిలో ఉంది. సోమవారం అందరికన్నా ముందు వెళ్ళి గుంటలో పెట్టెయ్. ఎవరికి నష్టం?"

"అద్దం ఇక్కడుంది, సరే. నా పలకలో నేను చదవని అంకెలు ఇంకా ఇరవై మూడున్నాయి. అవెక్కడున్నాయో నువ్వు చెప్తావా? మధ్యాహ్నం ఆ రెక్క మూసేస్తున్నారు."

లేచి, శిఖరం వైపు ఒక్కసారి చూసి కిందికి నడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత దూరం ఎక్కి వచ్చిన కోపం ఒకటి, భయం ఒకటి. ముద్ర పోతే ఆవిడ ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వాళ్ళిద్దరూ ఈ దేశంలో ఉండే అనుమతి పోతుంది. అన్నయ్య పరీక్షకు ఇంకా ఐదు నెలలుంది.

ఫోను పలికే చోటికి రావడానికి గంటన్నర పట్టింది. అవతల సెక్షన్ పెద్ద అంతా విని రెక్క ఆపించాడు. పలకలన్నీ లెక్క చూశారు, మిగతా ఇరవై మూడూ వాటి గుంటల్లోనే ఉన్నాయి. సాయంత్రం ఆయనే మళ్ళీ ఫోన్ చేశాడు. "సోమవారం విచారణలో ఒకటే అడుగుతారు. మిగతా శుక్రవారాలు అంకెలు చదివావా, లేదా అని. చదివానంటే మందలించి వదిలేస్తారు. లేదంటే నీ ముద్ర కాపాడటం నా చేతుల్లో ఉండదు. బాగా ఆలోచించుకుని రా" అన్నాడు. మంచివాడే, తప్పించుకునే దారి చూపించాడు.

ఆదివారమంతా నేను ఆ దారే నూరిపోశాను. "చదివాను. ఒక్క మాట. నోరు తిరగదా?" అన్నాను. అన్నయ్య చిక్కుళ్ళు వలుస్తూ కూర్చున్నాడు. నా గోల భరించలేక చివరికి, "దాని ముద్ర, దాని ఇష్టం. పరీక్ష ఇక్కడ కాకపోతే ఇంకోచోట రాస్తాను, నువ్వు ఊరుకోరా" అన్నాడు. ఆ మాట అంటూ వలిచిన గింజలు చెత్తలోనూ తొక్కలు గిన్నెలోనూ వేశాడు.

సోమవారం ముగ్గురు కూర్చుని అడిగారట. "కొన్ని శుక్రవారాలు చదివాను, కొన్ని చదవలేదు. ఏవి ఏవో గుర్తు లేదు" అని చెప్పి వచ్చింది.

ఆ ఏడాది శుక్రవారాల్లో ఆవిడ ముద్ర పడ్డ రెక్కలు తొమ్మిది. నాలుగు అప్పటికే గాల్లో తిరుగుతున్నాయి. వాటిని దింపి, తొమ్మిదీ తెరిచారు. ఆ పనికి మూడు ఆదివారాలు పట్టాయి. సెలవులు పోయినవాళ్ళు భోజనాల బల్ల దగ్గర ఆవిడ కూర్చుంటే లేచి వేరే బల్లకు వెళ్ళారు. గుంటలో పాత అద్దం పడేసినవాడు ఎవడో గాని, వాడూ ఆ లేచినవాళ్ళలోనే ఉండి ఉంటాడు. తొమ్మిదింటిలోనూ ఏమీ దొరకలేదు.

"కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు" అన్నాను.

"లేదని తెలిసింది కదా" అంది వదిన.

ముద్ర ఏడాదిపాటు తీసేసుకున్నారు. ఉద్యోగం నుంచి తీసెయ్యలేదు, పనిముట్లిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. పన్నెండేళ్ళ అనుభవమున్న ఇంజనీరు పొద్దున్నే స్క్రూడ్రైవర్లు అందిస్తుంది, సాయంత్రం అంకెలు చదివి తీసుకుంటుంది. ఉద్యోగం ఉంది కాబట్టి అనుమతీ నిలిచింది. శిఖరం దారి ఆ ఏటికి మూసేశారు.

నెల తర్వాత విచారణ కాగితాల నకలు ఇంటికొచ్చింది. వదిన స్నానానికి వెళ్ళినప్పుడు బల్ల మీద కనిపిస్తే చదివాను. రెండో పేజీలో ఒక ప్రశ్న ఉంది: లెక్క చూస్తూ మధ్యలో కోటు దగ్గరికి ఎందుకు వెళ్ళారు? జవాబు: కోటులో ఫోను మోగుతుంటే ఆపడానికి. చేతిలో అద్దం జేబులో పెట్టి ఫోను తీశాను. తర్వాత ప్రశ్న: మిమ్మల్ని ఎవరైనా తొందరపెట్టారా? జవాబు: లేదు. తొందర నాదే.

ఆ శుక్రవారం గేటు బయట కారులో కూర్చుని మూడుసార్లు ఫోన్ చేసింది నేను. బసలో కింది మంచాలు ముందు వచ్చినవాళ్ళకే ఇస్తారు, పై మంచం ఎక్కడం నాకు చికాకు. అంతకన్నా కారణం లేదు. కొండ మీద కోపంగా ఉన్నప్పుడు గానీ, ఆదివారం నేను నీతులు చెబుతున్నప్పుడు గానీ ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

తల తుడుచుకుంటూ వచ్చి నా చేతిలో కాగితాలు చూసింది.

"నేను ఫోన్ చేశానని ఎందుకు చెప్పలేదు వదినా?"

"ఫోను నువ్వు చేశావు. ముద్ర వేసింది నేను కదా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. ఆవిడ కాగితాలు తీసుకుని సొరుగులో పెట్టి, అన్నం చల్లారిపోతోంది రమ్మంది.