ఇశ్రాయేలు చూసిన విమానం

మా ఆయన యోబు ముప్పై నాలుగేళ్లుగా పలకలకు చెక్క చట్రాలు చేస్తున్నాడు. మార్కాపురం పలకలు బాగా అమ్ముడుపోయిన రోజుల్లో ఆయన చేతి మీదుగా రోజుకు మూడు వందల చట్రాలు పోయేవి. ఎడమచేతి చిటికెన వేలు కొస ఎప్పుడో రంపానికి పోయింది. పలక పొడి ఊపిరితిత్తుల్లో దిగి దగ్గు మిగిలింది. ఇప్పుడు ఆయన పనిచేసే చోట వారానికి మూడు రోజులు షెడ్డు తెరిస్తే గొప్ప. మిగిలిన నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని దగ్గుతాడు, విమానం చేస్తాడు. రెండేళ్లుగా ఇదే వరస. ఆయన విమానం చేస్తున్నాడని మేముండే తర్లుపాడు రోడ్డులో తెలియనివాళ్లు లేరు గానీ, ఎందుకు చేస్తున్నాడో తెలిసింది నా ఒక్కదానికే.

నేను జాకెట్లు కుడతాను. మాకున్నది ఒకటిన్నర గది. ఒక మూల నా మిషను, ఒక మూల మా మామ మంచం, మిగిలినదంతా విమానం. ఊడ్చి ఊడ్చి నా నడుం పడిపోయింది. అన్నంలో చెక్కపొట్టు, జాకెట్ ముక్కల్లో చెక్కపొట్టు. నీళ్ల ట్యాంకరు వచ్చిందని వీధంతా బిందెలు పట్టుకుని పరుగెత్తుతుంటే ఈయన మాత్రం ఒక కన్ను మూసుకుని సన్నపుల్ల వంకర ఉందా లేదా అని చూస్తూ కూర్చుంటాడు. "ఏందయ్యా ఇది, ఇల్లా షెడ్డా?" అని రోజుకొకసారి అడుగుతాను. తల కూడా ఎత్తడు. రెండు బిందెలూ నేనే మోసుకొస్తాను.

మా మామ పేరు ఇశ్రాయేలు. ఎనభై ఏడేళ్లు. పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లెలో పుట్టాడు. ఎనిమిదేళ్లప్పుడు మేకలు కాస్తుంటే ఒక విమానం వచ్చి బీడు భూమిలో దిగిందట. ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు, వాటి మధ్య కర్రలు, తీగలు, పైకప్పు లేని రెండు సీట్లు. తోలు టోపీ పెట్టుకున్న దొర ఒకడు అందులోంచి దిగాడు. ఇంజను చెడిపోయింది. బాగుచేసేవాళ్లు ఎద్దులబండిలో వచ్చేదాకా, రెక్కలకు తొడిగిన గుడ్డను మేకలు తినకుండా చూడమని ఈ పిల్లవాణ్ణి కాపలా పెట్టాడు. రెండు రోజులు మామ ఆ రెక్క కిందే తిన్నాడు, ఆ రెక్క కిందే పడుకున్నాడు. దిగేటప్పుడు కంపకు తగిలి ఎడమవైపు కింది రెక్క కొస చిరిగితే, వాళ్లమ్మ సూదీ దారం తెచ్చి కుట్టింది. మూడో రోజు విమానం ఎగిరిపోయింది.

చూసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు. చెప్పడానికి మామ ఒక్కడే మిగిలాడు. "రెక్కలకు గుడ్డేందిరా, అది విమానమా గొడుగా?" అని జనం ఆటపట్టించేవాళ్లు. ఆయన పేరే విమానం ఇశ్రాయేలు అయిపోయింది. బడిలో పిల్లలు మా ఆయనను కూడా వదల్లేదు. మా ఆయనకు పదిహేనేళ్లప్పుడు గిద్దలూరులో చుట్టాల పెళ్లికి పోతే, భోజనాల బంతిలో కూర్చున్న మామ మళ్లీ ఆ కథ ఎత్తుకున్నాడు. మా ఆయన లేచి నిలబడి, "మా నాయనకు అబద్ధాలు చెప్పే రోగముంది. విమానం లేదు, ఏం లేదు" అన్నాడు. బంతిలో అందరూ పగలబడి నవ్వారు. మామ విస్తరి మడిచి లేచిపోయాడు. ఆ రోజు నుంచి నలభై ఏళ్లు ఆయన నోట విమానం మాట రాలేదు. ఈ సంగతి మా అత్త జ్ఞానమ్మ పోయే ముందు నా చెవిన వేసింది. కొడుకు తప్పైందని అనలేదు, తండ్రి నిలదీయలేదు. అసలు మాటల్లేవని కాదు, వాన గురించీ గింజల గురించీ మాట్లాడుకునేవాళ్లు. ఆ ఒక్కటే మాట్లాడుకునేవాళ్లు కాదు.

రెండేళ్ల కిందట మామ చూపు మసకబారితే కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. నరం ఎండిపోతోంది, ఉన్న చూపు కూడా నిలవదు అన్నారు. వరండాలో బల్ల మీద కూర్చుని మందుల కోసం కాచుకుని ఉన్నాం. మా అమ్మాయి రమ్య ఫోనులో ఏవేవో వీడియోలు తోస్తూ ఉంటే మధ్యలో ఒక పాత విమానం వచ్చింది. మామ ఫోనుకు ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు.

"దీని రెక్క కిందనే గదా నేను పండుకునింది" అన్నాడు మెల్లగా. "పాపా, తోక కింద చూడు. చక్రం ఉండదు, ఇనుప కొంకి ఉంటాది. పెట్రోలు డబ్బా పై రెక్క నడిమధ్యలో ఉంటాది."

రమ్య వీడియో ఆపి పెద్దది చేసింది. రెండూ ఉన్నాయి. "టైగర్ మాత్ అంట తాతా" అంది. మా ఆయన ఆ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మర్నాడు పనికిరాని చట్రాల పుల్లలు ఒక మోపు కట్టి తెచ్చాడు.

"నాయన చూపు పోకముందే చేసి చూపిస్తా. ఇదే అని ఆయన నోటితో అనాల. అంతే" అన్నాడు.

"తప్పైంది నాయనా అంటే అయిపోతాది గదయ్యా. దానికి విమానమెందుకు?" అన్నాను.

"అది నా నోటికి రాదు" అన్నాడు. అది నిజమే. ముప్పై ఏళ్ల కాపురంలో నేనూ ఆ మాట ఆయన నోట వినలేదు.

రమ్య ఫోనులో చూసి కొలతలు చదివితే ఆయన పదో వంతు లెక్కగట్టి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు మూడడుగులకు ఒక అంగుళం తక్కువ. మొదటి విమానానికి ఐదు నెలలు పట్టింది. కీళ్లు ఎంత బిగువుగా కుదిరాయో, ఎక్కడా మేకు లేదు. నాకే ముచ్చటేసింది. తెచ్చి మామ ముందు పెట్టాడు. అప్పటికి మామకు ఎదురుగా ఉన్నది నీడలా కనిపించేది. ఆయన రెండు చేతులతో రెక్కలు తడిమాడు.

"ఇది పలక రా యోబూ, విమానం కాదు" అన్నాడు. "అంతా మూలమట్టం పెట్టి కోసినావు. పై రెక్క కింది రెక్క కన్నా ముందుకుంటాది. కొసలు ఎనక్కి వాలి ఉంటాయి."

ఫోనులో బొమ్మ చూస్తే ఆ మాట నిజమే. రెక్కలకు వాలు ఉందని బొమ్మలో చూస్తూనే ఉన్నా, మా ఆయన చేయి మాత్రం ముప్పై నాలుగేళ్లుగా కోసిన కోతే కోసింది. చట్రానికి నాలుగు మూలలూ సరిగ్గా లేకపోతే పలక పట్టదు మరి. రెక్కలు ఊడదీసి, ఆ పుల్లలన్నీ పక్కన పడేశాడు. కోపం తెచ్చుకుంటే బాగుండేది, తెచ్చుకోలేదు. కాసేపు దగ్గి మళ్లీ రంపం తీశాడు.

రెండోది చెడింది నా వల్ల. ఈసారి వాలు కుదిరింది. రెక్కలకు మామ పాత పంచె చింపి తొడిగాం. గుడ్డ బిగువుగా నిలవడం లేదని మా ఆయన తల పట్టుకుంటే, "గంజి పెట్టయ్యా, నేను చూసుకుంటా" అన్నాను. చిక్కటి గంజి కాచి పూశాను. ఎండకు ఆరి తప్పెట లాగా బిగిసింది. వేలితో కొడితే మోగింది. రంగు వేసేలోపు వానలు పట్టాయి. తడి తగలకుండా అటక మీద పెట్టాం. పది రోజుల తర్వాత దించితే రెక్కలు జల్లెడ అయిపోయి ఉన్నాయి. గంజి కోసం బొద్దింకలు గుడ్డను కొరుక్కు తిన్నాయి. నేను నెత్తి కొట్టుకుని ఏడ్చాను. మామ మంచంలోంచి, "ఏందమ్మా ఫెబీ?" అని అడిగితే చెప్పాను. "మేం మేకల్ని కాసినాం, మీరు బొద్దింకల్ని కాయలేకపోయినారే" అన్నాడు. ఆ రోజు ఇంట్లో నవ్విన మనిషి ఆయన ఒక్కడే. ఆ వానలు తగ్గేసరికి ఆయనకు నీడలు కూడా కనబడడం మానేశాయి.

మా ఆయన ఇక మానేస్తాడనుకున్నాను. మానేస్తే నా ప్రాణానికి హాయి అని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు. చూపే పోయాక ఏం చూపిస్తాడు? "ఆయన కండ్లతో చూసినదానికన్నా చేతులతో చూసిందే ఎక్కువ" అని మళ్లీ కూర్చున్నాడు. పుస్తకాలు బైండింగు చేసే శాంతయ్యన్నను అడిగితే, జిగురులో మైలుతుత్తం కలపమని చెప్పాడు. అది కలిపితే పురుగు ముట్టదు. ఈసారి తుమ్మ బంకలో మైలుతుత్తం వేసి పూశాం. పైన చామంతి పూల రంగు వేశాడు. చక్రాలకు పాత స్లిప్పర్ల రబ్బరు, సీట్ల ముందు అద్దాలకు నీళ్ల సీసా ముక్కలు, పెట్రోలు డబ్బాకు తగరం. సీట్లలో దొర పట్టుకునే కర్ర కూడా పెట్టాడు. ఇంజను కింద ఎప్పుడూ నూనె కారుతూ ఉండేదని మామ చెబితే, నా మిషను నూనెలో దీపం మసి కలిపి పొట్ట పొడవునా చారలు గీశాడు. "కొత్తదాన్ని మురికి చేస్తాండావేందయ్యా" అన్నాను. "ఎగిరినదానికి మురికుంటాది" అన్నాడు.

చిరిగిన రెక్క కుట్టే పని నాకు పడింది. నల్లదారంతో, గోనెసంచి కుట్టినట్టు కుట్టాలి. కుట్టాను. మామ ఆ రెక్క కొసను వేలితో ఒకసారి రాసి, "మా అమ్మ ఇంత సక్కగా కుట్టలేదమ్మా. ఆమెకు చేయి వణికింది, దొర చూస్తాంటే" అన్నాడు. విప్పి మళ్లీ కుట్టాను. వంకరగా కుట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మూడోసారి వేలు పెట్టి చూసి ఏమీ అనలేదు. దాన్ని మేం మెప్పు కింద వేసుకున్నాం.

పోయిన నెలలో మామ మంచం మీంచి లేవడం మానేశాడు. జావ తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు. విమానానికి రెక్కల మధ్య తీగలు కట్టడం ఒక్కటే మిగిలింది. ఆదివారం పొద్దున గుడికి పోయే ముందు, "ఇయ్యాల చూపించు" అని మా ఆయనతో అన్నాను.

"తీగలు లేవు గదా. ఇంకో వారం పడతాది."

"వారం దాకా ఆయన ఉంటాడో లేదో. నీకు కావాల్సింది 'ఇదే' అనే మాటే గదా. అనిపించుకుని ఆ రంపం అవతల పెట్టు. నాకు ఓపిక లేదు, నీకూ లేదు."

గుడి నుంచి వచ్చాక ఆయన చేతులు కడుక్కుని, విమానాన్ని ఎత్తుకొచ్చి మామ పక్కన మంచం మీద పెట్టాడు. "నాయనా, తెచ్చినా" అన్నాడు. మామ కుడిచేయి దుప్పటి మీద పాకుతూ వచ్చి ఒక చక్రాన్ని తాకింది. అక్కడే ఆగిపోయింది. రెక్క దాకా పోలేదు. కుట్టు కోసం వెతకలేదు.

"ఇదే రా యోబూ. ఇదే" అన్నాడు.

"దేవునికి స్తోత్రం" అనేశాను నేను. రెండేళ్ల బరువు దిగినట్టయింది. పక్కకు తిరిగి చూస్తే మా ఆయన మొహంలో సంతోషం లేదు. ఆ మాట కోసం ఇంత చేసిన మనిషి, అది వచ్చాక ఏదో పోగొట్టుకున్నవాడిలా కూర్చున్నాడు.

"కాదు నాయనా" అన్నాడు చివరికి. "రెక్కల నడుమ తీగలే లేవు. నువ్వు తడిమి చూడనే లేదు."

"తెలుసు" అన్నాడు మామ. "పొద్దున మీరిద్దరూ మాట్లాడుకుంటాంటే ఇన్నా."

"మరి ఇదే అంటివే?"

"నీ దగ్గు ఇంటాండా గదరా రెండేండ్లుగా. ఆ మాట అంటే చాలిస్తావు గదా అని అన్నా."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. దగ్గు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

"నాయనా, గిద్దలూరు పెండ్లిలో నేను నిన్ను అబద్ధాలోడు అన్నా. తప్పైంది" అన్నాడు.

నా చేతిలో బైబిలు ఇంకా అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తోచలేదు. మామ కనబడని కళ్లు కొడుకు వైపు తిప్పాడు.

"అన్నావు" అన్నాడు. "ఆ ఇమానం గురించి నేను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు రా. చెప్పింది ఇయ్యాలే, ఈ ఒక్కటే."

మా ఆయన మంచం పట్టె మీద తల ఆనించాడు. భుజాలు కదిలిపోతున్నాయి. మామ చేయి చక్రాన్ని వదిలి పైకి పాకింది. కింది రెక్క మీదుగా, నిలువు కర్ర మీదుగా, పై రెక్క దాకా పోయింది. మళ్లీ వెనక్కి వచ్చి రెండు రెక్కల మధ్య ఖాళీలో ఒక వేలు నిలిపింది.

"ఈడ ఒకటి కట్టు. దీనికి అడ్డంగా ఇంకోటి" అన్నాడు. "తొందర లేదు. అందాక నేనుంటాలే."