ఇద్దరి చేతుల జడ

డెబ్బైల చివర్లో ఆదోని ఆస్పత్రిలో కీళ్లనొప్పులకు బుధవారం చూసేవారు. ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంటి కోడలొకామె బస్సులో వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చునేది. అందరూ నొప్పి ఎలా ఉందని అడిగేవారు. ఆమె మాత్రం, "ఈ వారం ఏం సేయలేకపోతివి అక్కా?" అనేది.

"పాపకు జడేయలేకపోతి," అన్నాను ఒకసారి.

"మావాడు ఎత్తుకోమని అడిగేదే మానేసినాడు," అంది.

మరుసటి వారం నా ఐదేళ్ల పాపను తీసుకుపోయాను. ఆమెకు ఎడమచేతి వేళ్లు వంగవు, నాకు కుడిచేతివి. పాపను ముందు కూర్చోబెట్టుకుని, ఆమె కుడిచేత్తో, నేను ఎడమచేత్తో పాయలు అందించుకుంటూ అల్లాం. తెగిన పోగులు అతికిన చేయి ఆమెది, ఒక్క వెంట్రుక జారనివ్వలేదు.

"ఇద్దరం కలిస్తే ఒగ అమ్మ అయితాంలే అక్కా," అంది.

అప్పటినుంచి బుధవారం వస్తే పాప రిబ్బను పట్టుకుని నాకంటే ముందు గడప దాటేది.

ఆ ఎండాకాలం ఆమె రావడం మానేసింది. ఊరు తెలుసు గానీ, ఏ వీధో ఎన్నడూ అడగలేదు. నెలరోజులు ఎదురుచూసి పాపకు క్రాపు చేయించాను. కత్తెర ఆడుతున్నంతసేపూ పాప రిబ్బను వదల్లేదు.

"ఆయమ్మ వస్తే ఏం సేస్తాది మా?" అని అడిగింది.